ఒక దురనుమానం, ఒక రక్తపరీక్ష

మా చెల్లెలి భర్త చెన్నూరు బజారులో దర్జీ. మస్జిదులో ముందు వరుస తప్పని మనిషి. నాలుగేళ్ల క్రితం ఒక వలీమా విందు ముగిసిన రాత్రి ఆయనకు పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి పాకింది. వెల్లకిలా పడుకోలేక, ముందుకు వంగి మోకాళ్లు పట్టుకొని తెల్లవార్లూ కూర్చున్నారు. బిర్యానీ పడలేదని అందరమూ అనుకున్నాము. ఉదయం మంచిర్యాలకు తీసుకువెళితే క్లోమం వాచిందని తేలింది. పిత్తాశయంలో రాళ్లు లేవు. అప్పుడు డాక్టరు గారు అడిగారు: "మద్యం అలవాటు ఉందా?"

అడగడం ఆయన ధర్మం. క్లోమం వాపుకు ప్రధాన కారణాలు రెండు: పిత్తాశయపు రాళ్లు, మద్యం. అయితే ఆ ప్రశ్న మాకంటే ముందే చెన్నూరు చేరింది. బట్ట కొనడానికి నెలకోసారి హైదరాబాదు వెళ్లే మనిషి అక్కడ ఏమి చేస్తున్నాడో ఎవరు చూశారని గుసగుసలు మొదలయ్యాయి. వాటిని ఖండించవలసిన నేనే చెల్లెలిని పక్కకు పిలిచి, "ఒకసారి మెల్లగా అడిగి చూడమ్మా" అన్నాను.

"భాయిజాన్, మీరు కూడానా?" అన్నది. తర్వాత రెండు నెలలు మా గడప తొక్కలేదు. ఆ రోజుల్లోనే మదరసాలో పిల్లలకు సూరా హుజురాత్ బోధిస్తూ, దురనుమానాలకు దూరంగా ఉండాలన్న ఆజ్ఞను వివరిస్తున్నాను.

ఏడాదిన్నరలో ఆ నొప్పి మరో రెండుసార్లు వచ్చింది. మూడోసారి హైదరాబాదు తీసుకువెళ్లాము. అక్కడ ఒక యువ వైద్యురాలు పాత కాగితాలన్నీ ఓపికగా తిరగేసి, "మూత్రపిండాల్లో రాళ్లకు రెండుసార్లు వైద్యం జరిగిందే, ఎందుకు?" అని అడిగారు. రాళ్లు ఒక రోగం, క్లోమం మరొక రోగం అనుకున్న మాకు జవాబు తోచలేదు.

రక్తంలో క్యాల్షియం ఎంతో చూడాలన్నారామె. మంచిర్యాలలో ఆ పరీక్ష జరిగింది, సాధారణంగానే వచ్చింది. అసలు చిక్కు అక్కడే ఉన్నది. క్లోమం తీవ్రంగా వాచినప్పుడు రక్తంలోని క్యాల్షియం తగ్గిపోతుంది. ఎక్కువగా ఉన్నవారిలో కూడా ఆ సమయంలో మామూలుగా కనిపించవచ్చు. నొప్పి పూర్తిగా తగ్గిన కొన్ని వారాలకు మళ్లీ చూస్తే 12.1 వచ్చింది. ఉండవలసింది సుమారు 8.5 నుండి 10.5 లోపు.

మెడలో థైరాయిడ్ వెనుక సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులుంటాయి. వాటి పేరు పారాథైరాయిడ్. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. రక్తంలో క్యాల్షియాన్ని అదుపులో ఉంచడం వాటి పని. ఒకటి పెరిగి అదుపు తప్పితే ఎముకల్లోని క్యాల్షియం రక్తంలోకి వస్తుంది, మూత్రపిండాల్లో రాళ్లు కడుతుంది. అది మితిమీరితే, పేగులోకి చేరాక పని మొదలుపెట్టవలసిన జీర్ణరసం క్లోమంలోనే మేల్కొని ఆ అవయవాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. ఈ రెండింటి సంబంధాన్ని బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఆలివర్ కోప్, ఆయన సహచరులు 1957 లోనే వైద్యలోకం ముందుంచారు. క్లోమం వాపు ఈ గ్రంథి వ్యాధికి ఆనవాలు కావచ్చునన్నది వారి మాట. వ్యాధి ఉన్న వారిలో కొద్దిమందికే క్లోమం దెబ్బతింటుంది. మన దేశపు ఆసుపత్రుల లెక్కల్లో మాత్రం అటువంటివారు పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువగా కనిపిస్తారు.

పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష, తర్వాత స్కానింగు జరిగాయి. ఎడమవైపు కింది గ్రంథి చింతగింజంత అయిందట. దానిని తీసివేశారు. కొన్ని రోజులు పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి ఉన్నది. హఠాత్తుగా క్యాల్షియం తగ్గితే అలాగే ఉంటుందని మాత్రలిచ్చారు. ఆ తర్వాత నొప్పి తిరిగి రాలేదు, రాయి కూడా రాలేదు.

ఇది చదివేవారి ఇంట్లో ఎవరికైనా కారణం తెలియకుండా క్లోమం వాచి ఉంటే, లేదా రాళ్లు పదేపదే వస్తూ ఉంటే, నొప్పి లేని రోజుల్లో క్యాల్షియం పరీక్ష గురించి మీ డాక్టరును అడగండి. పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మద్యం గురించి అడిగితే నొచ్చుకోకండి, నిజం చెప్పండి. నిజంగా తాగినవాడే అయినా అతని నొప్పి నొప్పే కదా. ఈ మాట నాకు ఆలస్యంగా తోచింది.

ఆపరేషన్ జరిగిన నెలకు ఆయన మళ్లీ దుకాణం తెరిచారు. మగ్రిబ్ తర్వాత అక్కడికి వెళ్లి, నా మనసులో వచ్చిన అనుమానమంతా దాచకుండా చెప్పి క్షమాపణ కోరాను. ఆయన మిషను ఆపి, "భాయీసాబ్, నాకు అప్పుడే తెలుసు. నన్ను కాదు, మీ చెల్లెలిని అడగండి" అన్నారు.

అక్కడి నుండి నేరుగా వాళ్లింటికి వెళ్లాను.