గెడ రంపం కొనేముందు ఒకసారి పైకి చూడండి



మామిడి కోతలు అయిపోయాయి. కొమ్మలు కత్తిరించుకునే రోజులివి. వారం రోజులుగా నలుగురైదుగురు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "ఆ పొడుగు రంపం ఎక్కడ కొన్నావు, ఏది కొంటే మంచిది?" అని. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా ఇక్కడే రాసేస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఆ రంపం కొనడంలో నేనొక తప్పు చేశాను. అది మీరు చెయ్యకూడదు.

మాది ఆనందపురం మండలం. మూడెకరాల్లోపు తోట. మామిడి, జీడి, గట్టు మీద కొబ్బరి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు మన వైపు ఎవరూ మర్చిపోరు. హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక తోటలోకి అడుగు పెడితే సగం చెట్లు నేల మీదున్నాయి. మిగతా వాటికి విరిగిన కొమ్మలు బెరడు పట్టుకుని వేలాడుతున్నాయి. మా తమ్ముడు మూడో రోజు గొడ్డలి పట్టుకుని సువర్ణరేఖ చెట్టెక్కాడు. చిన్నప్పటి నుంచీ ఎక్కిన చెట్టే. వేలాడే కొమ్మని రెండు దెబ్బలు కొట్టాడో లేదో, అది తిరిగొచ్చి వాణ్ణి తన్నింది. పన్నెండు అడుగుల నుంచి పడ్డాడు. రోడ్ల నిండా చెట్లు పడున్నాయి. కేజీహెచ్‌కి తీసుకెళ్ళేసరికి చీకటి పడింది. నడుము ఎముక దెబ్బతింది. ఇప్పటికీ కర్ర ఊతంతోనే నడుస్తాడు. చెట్టెక్కడం కాదు కదా, వంగి గడ్డి కూడా కొయ్యలేడు.

ఆ తర్వాత మా తోటలో ఎవర్నీ చెట్టెక్కనివ్వకూడదు అనుకున్నాను. దోటికి కొడవలి కట్టి కొన్నేళ్ళు నెట్టుకొచ్చాం. కొడవలి రెమ్మలకి సరిపోతుంది గానీ చెయ్యంత లావు కొమ్మ తెగదు. లాగితే బెరడు చీలుకుని కింద దాకా వచ్చేస్తుంది. అందుకని మొన్నటేడాది విశాఖ వెళ్ళి గెడ రంపం కొన్నా. దుకాణం అతను "పొడుగు ఎంతుంటే అంత మంచిది, మళ్ళీ మళ్ళీ కొనక్కర్లేదు" అన్నాడు. నేనూ నమ్మాను. అల్యూమినియం గొట్టాలు, ఒకదాంట్లోంచి ఒకటి వచ్చేవి, మొత్తం లాగితే పద్దెనిమిది అడుగులు. చేతిలోకి తీసుకుంటే ఎంత తేలిగ్గా ఉందో!

మా తోట చివర 11 కేవీ లైను పోతుంది. దాని పక్క మామిడి చెట్టు బాగా పైకి లేచింది. ఆ కొమ్మే ముందు కొట్టాలని గొట్టాలన్నీ లాగి రంపం ఎత్తాను. నా చూపంతా కొమ్మ మీదే. గొట్టం పొడుగయ్యేసరికి పైన ఊగుతోంది, నేను సర్దుకుంటున్నాను. గట్టు మీద కూర్చున్న మా తమ్ముడు ఒక్క కేక వేశాడు.

"అన్నియ్యా, ఆగు! పైన తీగ సూడు!"

చూస్తే రంపం మొనకీ తీగకీ మధ్య బారెడు దూరం కూడా లేదు. కాళ్ళు వణికాయి. ఊగనివ్వకుండా మెల్లగా కిందికి దించి అక్కడే కూలబడ్డాను. ఇంకొక్క ఊపు ఊగుంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. అల్యూమినియం అంటే కరెంటుకి తిన్నని దారి. చెట్టు మీంచి పడకుండా ఉండాలని కొన్నదే నన్ను తీసుకుపోయేది.

కాబట్టి కొనేముందు దుకాణానికి కాదు, ముందు మీ తోటలోకి వెళ్ళి పైకి చూడండి. తీగలు ఎక్కడున్నాయో, కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకోండి. మనం గెడని నిలువుగా పట్టుకోం, ఏటవాలుగా పడతాం. పన్నెండు అడుగుల గెడతో సుమారు పద్నాలుగు అడుగుల ఎత్తు కొమ్మ అందుతుంది. ఏటేటా కత్తిరించే తోటకి అది చాలు. అంతకన్నా పొడుగైతే ఊగుతుంది, మొన బరువెక్కుతుంది, గంటకే మెడ పట్టేస్తుంది.

గెడ ఫైబర్‌ది దొరికితే అదే తీసుకోండి. కొంచెం బరువు, కొంచెం ధర ఎక్కువ. కానీ ఫైబరే కదా అని తీగల దగ్గరికి పోకండి. తడిసినా, మట్టి పట్టినా దాని మీంచి కూడా కరెంటు రావచ్చు. పచ్చి వెదురూ అంతే. తీగకి కనీసం పదడుగుల లోపలికి మీరు గానీ, గెడ గానీ, కొమ్మ గానీ రాకూడదు. అంతకన్నా దగ్గరున్న కొమ్మ మన పని కాదు. లైన్‌మన్‌కి చెప్పండి, లేదా 1912కి ఫోన్ చెయ్యండి. వాళ్ళు ఎల్‌సీ తీసుకుని, లైను ఆపి కొడతారు. నేను ఆ చెట్టుకి అలాగే చేయించాను. నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది, అంతే.

రంపం పళ్ళు చూడండి. వంపు తిరిగి, పళ్ళు మన వైపు వంగి ఉండాలి. అది లాగినప్పుడే కోస్తుంది. తోస్తే కొయ్యదు, బద్ద వంగుతుంది. గొట్టాల మధ్య లాకులు బిగించి, గెడని నేలకి ఆనించి ఒకసారి గట్టిగా నొక్కండి. జారిందంటే తీసుకోవద్దు. బద్ద విడిగా దొరుకుతుందో లేదో కూడా అడగండి.

చేతి రంపం మణికట్టు లావు కొమ్మ దాకా హాయిగా కోస్తుంది. మీకు పదీ ఇరవై చెట్లే ఉంటే అంతకు మించి కొనక్కర్లేదు. పెట్రోలు ఇంజనుది ఏడెనిమిది కిలోలు ఉంటుంది. భుజానికి పట్టీ లేకుండా పట్టుకోలేం. ముదిరిన జీడితోట ఎకరాల కొద్దీ ఉంటే అది పనికొస్తుంది, లేదంటే ఆ నాలుగు రోజులకీ అద్దెకి తెచ్చుకోవడం మేలు. బ్యాటరీది చప్పుడు తక్కువ, పొగ లేదు. కానీ బ్యాటరీ ఒక్కటే ఉంటే మధ్యాహ్నానికి ఆగిపోతుంది. ఇంజనుదైనా బ్యాటరీదైనా గొలుసుకి నూనె ఆరిపోకుండా చూసుకోవాలి.

కోసేటప్పుడు కొమ్మ కింద నిలబడకండి. బరువు కొమ్మని మొదట్లో ఒకేసారి కోస్తే బెరడు చీలిపోతుంది. చివర నుంచి ముక్కలు ముక్కలుగా తగ్గించుకుంటూ రండి. మొదట్లో ఉబ్బుగా ఉండే మెడని వదిలి, దాని బయటే ఆఖరి కోత కొయ్యండి. గాయం అక్కడే తొందరగా మానుతుంది. పెద్ద గాయాలకి బోర్డో పేస్టు పుయ్యండి. కిలో మైలుతుత్తం అయిదు లీటర్ల నీళ్ళలో, కిలో సున్నం ఇంకో అయిదు లీటర్లలో విడివిడిగా కరిగించి కలపాలి. ప్లాస్టిక్ బకెట్లోనే, ఇనప బకెట్లో వద్దు. మామిడికి ఈ పని కోత అయిన వెంటనే చేసుకోవాలి. ఆలస్యమైతే కొత్త చిగురు ముదరక పూత దెబ్బతింటుంది.

ఇంకో మాట. మా బావమరిది స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. అక్కడ హెల్మెట్ లేకుండా గేటు దాటనివ్వరట. వాడి పాత హెల్మెట్ ఒకటి తెచ్చిచ్చాడు. మొదట్లో తోటలో పెట్టుకోడానికి సిగ్గేసింది. ఇప్పుడు అదీ, పొట్టు కళ్ళల్లో పడకుండా అద్దాలూ లేనిదే రంపం ముట్టుకోను. ఒంటరిగా అసలే చెయ్యను. పైకి చూసేవాళ్ళు ఒకరు పక్కన ఉండాల్సిందే.

ఆ పద్దెనిమిది అడుగుల గెడని పారెయ్యలేదు. చివరి గొట్టం బయటికి రాకుండా బోల్టు బిగించేశాను. ఇప్పుడది పన్నెండు అడుగులే, తోట మధ్యలో మాత్రమే వాడుతున్నా. నేను కోస్తుంటే మా తమ్ముడు కర్ర పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చుంటాడు. "నేను పనికిరాకుండా పోయాను" అని ఇదివరకు రోజూ అనేవాడు. ఇప్పుడు కొమ్మ కొమ్మకీ నా మీద కేకలేస్తున్నాడు. ఆ మాట అని చాన్నాళ్ళయింది.

మీ తోటలో మీరేం వాడుతున్నారో, ఏ ఇబ్బంది వచ్చిందో రాయండి. నలుగురికీ పనికొస్తుంది.