గడిలో ఏం రాయాలి?

వంశం చెప్పుకోవడం మనకు కొత్త కాదు. మా కోయల్లో డోలీలు డోలు వాయిస్తూ గోత్రాల కథ పాడతారు. గోండులకు ప్రధాన్లు కిక్రి మీద చెబుతారు. జీనోగ్రామ్ అనే మాట మాత్రం టీచరయ్యాక ఒక శిక్షణలో విన్నాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, దగ్గరి చుట్టరికంలో పెళ్లయితే జంట గీత. కనీసం మూడు తరాలు గీయాలి. మేనరికాల వల్ల మా ఇంటి పటంలో జంట గీతలే ఎక్కువ!

ఐదో తరగతి చదివే నా మేనల్లుడి కోసం దాన్ని గీశాను. వాడికి చదవడం రావట్లేదు. డిస్లెక్సియా కొన్ని కుటుంబాల్లో తరాలుగా కనిపిస్తుంది కనుక, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టర్లు అడుగుతారు.

తాత, అవ్వ బడి ముఖం చూడలేదు. వాళ్ల గడి ఖాళీగా వదిలితే ఇబ్బందేమీ లేదనుకుంటారు. అందుకే “బడి లేదు” అని రాశాను. చిన్నమామ నాలుగులో మానేశాడు. సంతలో లెక్క నోటితోనే తేలుస్తాడు, బస్సు బోర్డు మాత్రం చదవలేడు. అది లోపమా, కోయ తప్ప రాని పిల్లాడికి తెలుగులోనే చెప్పిన చదువు ఫలితమా? ఇప్పుడెవరు తేల్చగలరు! “అక్షరాలు కలిపి చదవలేకపోయాడు, అమ్మ చెప్పింది” అని ఊరుకున్నాను. చూసింది రాయాలి, చెప్పిందెవరో రాయాలి. పేరు పెట్టడం మన పని కాదు.

మేనల్లుడి సంగతి వేరు. అదే ఊరి పిల్లలు, ఇంట్లో కోయే మాట్లాడేవాళ్లు, అదే బడిలో మూడో తరగతికే చదివేస్తున్నారు. వీడు ప, వ, ష దగ్గర ఇప్పటికీ తడబడతాడు. కళ్లు, చెవులు చూపించాం, బాగున్నాయి. వాడి గడిలో “అనుమానం, పరీక్ష చేయించాలి” అని పెన్సిల్‌తో రాశాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఇదీ ఒకటి. ధ్రువపత్రం వస్తే పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

చెల్లెలు భయపడింది. “అన్నా, మొద్దని మాత్రం రాయకు. రేపు వాడికి పిల్లనెవరిస్తారు?”

రాసిందంతా కోయలో చదివి వినిపించాను. టీచర్లు ఈ పని తప్పక చేయాలి, ఇంటివాళ్లు ఒప్పుకోనిది ఫైల్లోకి పోకూడదు. విని, “కథలు బాగా చెబుతాడని కూడా రాయి” అంది. రాశాను.

సోమవారం జిల్లా ఆస్పత్రికి పోతున్నాం. కాగితం చెల్లెలి సంచిలో ఉంది.