నాన్న టార్చిలో స్ప్రింగ్ తీసేశా!

"టార్చి బటన్ పైకి లేవట్లేదురా, ఓసారి చూడు" అని నాన్న అడిగి వారమైంది. "ఫోన్‌లో లైట్ ఉంది కదా నాన్నా, అది వాడు" అని తప్పించుకుంటూ వచ్చా. ఆయన అన్నిసార్లు ఎందుకు అడుగుతున్నారో నాకు తట్టలేదు.

నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడా పోస్టును ట్రైన్ మేనేజర్ అంటున్నారు. 1966లో దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ కేంద్రంగా మొదలైంది కదా, మా మెట్టుగూడ వైపు ఏ ఇంట్లో చూసినా ఒక రైల్వే కథ ఉంటుంది. మా ఇంటి కథ ఎరుపు, పచ్చ, తెలుపు వెలిగే టార్చి. డ్యూటీది అప్పగించేశాక, అలాంటిదే సొంతంగా కొనుక్కున్నారు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే వెలుగుతుంది.

విప్పి చూస్తే, సెల్ కారి స్ప్రింగ్ తుప్పు పట్టేసింది. రాణిగంజ్ వెళ్లా. స్ప్రింగు సైజు సరిపోయింది గానీ బాగా గట్టిది. నాన్న నొక్కారు, వెలిగింది, రెండు సెకన్లకే ఆరిపోయింది. మళ్లీ నొక్కారు. మళ్లీ ఆరిపోయింది. అప్పుడు చూశా ఆయన బొటనవేలిని. కిందటేడాది వచ్చిన స్ట్రోక్ తర్వాత కుడిచేతిలో బలం పూర్తిగా తిరిగి రాలేదు. ఫోన్ స్క్రీన్ మీద లైట్ ఆన్ చేయాలన్నా ఆ వేళ్లు వణుకుతున్నాయి. ఒకే ఇంట్లో ఉంటూ నేనది గమనించలేదు.

పెన్ను స్ప్రింగ్ పెట్టి చూశా. వంకర తిరిగి ఇరుక్కుంది.

ఆ రోజుల్లోనే ఆఫీసులో ఫ్రెండ్ 'మ్యాగ్నెటిక్ స్విచ్' గేమింగ్ కీబోర్డు తెచ్చాడు. ఒక కీ ఊడదీసి చూస్తే లోపల స్ప్రింగ్ ఉండనే ఉంది! అందులో మ్యాగ్నెట్ పని, మనం ఎంత లోతుకి నొక్కామో సెన్సర్‌కి చెప్పడమే. మరి స్ప్రింగ్ పనే మ్యాగ్నెట్‌తో చేయిస్తే?

మధ్యలో రంధ్రం ఉన్న చిన్న నియోడిమియం రింగులు ఆన్‌లైన్‌లో తెప్పించా. మొదట రెండింటినీ ఒకదాన్నొకటి తోసుకునేలా పెట్టా. బటన్ చక్కగా పైకి లేచింది. కానీ దగ్గరయ్యే కొద్దీ తోపుడు బలం స్ప్రింగ్ కంటే వేగంగా పెరుగుతుంది. అంటే నొక్కి పట్టుకునే చోటే అన్నిటికంటే బరువు. నాన్నకి కావాల్సింది సరిగ్గా దానికి రివర్స్!

కాబట్టి లాగేలా పెట్టా. ఒక రింగు మూత లోపల, ఇంకోటి బటన్ కాడకి అడుగున. అవి ఆకర్షించుకుని బటన్‌ని పైకి పట్టి ఉంచుతాయి. మొదట కాస్త నొక్కాలి, విడిపోగానే తేలికైపోతుంది. పట్టుకోవడానికి శ్రమ లేదు.

వెంటనే పని చేసిందనుకున్నారా? లేదు. బటన్ ఎక్కువ దూరం దిగితే పట్టు తప్పి పైకి రాలేదు. ప్లాస్టిక్ ముక్కలు పెట్టి ఆ దూరం తగ్గించా. తర్వాత మ్యాగ్నెట్ అంటించేసి, దాని పక్కనే వైరు సోల్డరింగ్ చేశా. మామూలు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. నా సోల్డరింగ్ ఐరన్ 350 మీద ఉంది! ఆ రింగు పోయింది. రెండోసారి ముందు సోల్డరింగ్, తర్వాతే జిగురు.

వేడిని బాగా తట్టుకునేవి సమేరియం-కోబాల్ట్ మ్యాగ్నెట్లు. వాటి ప్లాంటు మన విశాఖలోనే ఉంది, 2023 మేలో జాతికి అంకితం చేశారు. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రకాల మ్యాగ్నెట్ల ఎగుమతిపై ఆంక్షలు పెట్టినప్పుడు ఆ వార్త నేను స్క్రోల్ చేసి వదిలేశా. ఇప్పుడైతే ఆగి చదువుతా.

మీరూ ట్రై చేస్తే ఒక్క జాగ్రత్త: మిగిలిన మ్యాగ్నెట్లు పిల్లలకి అందకుండా పెట్టండి. రెండు మింగితే పేగుల గోడల్ని మధ్యలో బిగించి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ప్రాణం మీదకొస్తుంది.

నాన్న టార్చిని అటూఇటూ తిప్పి చూసి, "రేపు పాడైతే రాణిగంజ్‌లో స్ప్రింగైతే దొరుకుతుంది. ఇది ఎవడు బాగుచేస్తాడ్రా?" అన్నారు. పాయింటే. అందుకే పాత స్ప్రింగ్ పట్టే చోటుని అలాగే ఉంచా, రెండు రింగులు స్పేర్‌గా డబ్బాలో పెట్టా. ఏ వైపు పైకి రావాలో మార్కర్‌తో గుర్తు కూడా పెట్టా.

మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది. పొద్దున కాఫీ తాగుతూ నాన్న, "రాత్రి మీ అమ్మని లేపలేదు, నేనే బాత్రూమ్‌కి వెళ్లొచ్చా" అన్నారు, మామూలుగా.

ఆ వారమంతా ఆయన అడిగింది అదే.