ప్రెస్ దగ్గర ఖాళీ

జనవరి 18, 2024

పండగ సెలవులయ్యాక షిఫ్టు మొదలైన గంటలోనే ఫొటో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. మురమళ్ల కోడిపందాల బరి, చుట్టూ జనం. ఆ జనంలో చేతులు కట్టుకుని నిలబడ్డ మా ప్రెస్ సెక్షన్ ఆపరేటరు. ఆగస్టు నుంచి మెడికల్ లీవులో ఉన్న మనిషి. డిస్కు జారింది, బరువులెత్తకూడదు, వంగకూడదని సర్టిఫికెట్. "నడుం పట్టేసినోడు ఎదుర్లంక వంతెన దాటి పందేలకెళ్లాడండీ, ఆయ్" అని ఫొటో కింద ఎవరో రాశారు. మధ్యాహ్నం భోజనాల వేళకి, ఆయన పందెం కూడా కాశాడన్నారు. సాయంత్రానికి సర్టిఫికెట్ కొన్నదన్నారు.

టైమాఫీసులో హాజరు, ఈఎస్ఐ చలాన్లు చూసేది నేను. అందుకని అందరూ నా బల్ల దగ్గరికే వస్తున్నారు.

జనవరి 19

ప్రెస్ సెక్షన్‌లో ముగ్గురు చేసే పని ఇద్దరి మీద పడింది. అందులో ఒకతనికి కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఒక పూట పర్మిషన్ దొరకలేదు. ఇంకొకతను వారం సెలవు వదులుకుని డబుల్ షిఫ్టు చేశాడు. వాళ్లకి కోపం రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

జనవరి 23, మంగళవారం

సంత రోజు. కూరగాయలు కొనుక్కుని టీ దుకాణం దగ్గర ఆగితే ఆ డబుల్ షిఫ్టు అతను కలిశాడు. "మా జీతంలో కోసిన డబ్బులే గదండీ, ఇంట్లో కూచుని తింటున్నాడు" అన్నాడు. సంచి కింద పెట్టి లెక్క చెప్పాను. ఇక్కడా రాసి పెట్టుకుంటాను, ఈ లెక్క మా షెడ్డులో చాలామందికి తెలియదు.

జీతం 18,000 అనుకుందాం. అందులో కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే 135 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 585. 2019 జూలై నుంచి ఇవే రేట్లు. మనిషి జబ్బు పడితే ఈఎస్ఐ మొదట 91 రోజుల దాకా సగటు కూలిలో 70 శాతం ఇస్తుంది. అది అయిపోయాక, రోగం వాళ్ల దీర్ఘరోగాల జాబితాలో ఉంటే 80 శాతం చొప్పున ఇంకా కొనసాగుతుంది. ఆ జాబితాలో 34 ఉన్నాయి. క్షయ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీలు చెడిపోవడం, డిస్కు జారడం కూడా. 80 శాతం అంటే నెలకు 14,400. పనిలో ఉంటే వచ్చే ఓటీ ఎలాగూ ఉండదు.

ఇంతకీ ఆ 14,400 కంపెనీ ఇవ్వదు. ఈఎస్ఐ కార్పొరేషన్ ఇస్తుంది. నెలంతా రాని మనిషికి కంపెనీ జీతం కట్టదు, జీతం లేదు కాబట్టి వాటా కూడా కట్టక్కర్లేదు. అంటే ప్రెస్ దగ్గర ఖాళీ వల్ల కంపెనీకి నెలకు 18,585 మిగులుతోంది. ఆ డబ్బుతో ఇంకో మనిషిని పెట్టుకోవచ్చు. పెట్టలేదు. ఆగస్టు నుంచీ పెట్టలేదు.

అతను టీ గ్లాసు పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే మాత్రం, పందేలకెళ్లొచ్చాండీ?" అన్నాడు.

జనవరి 27

ఈ తేదీ వచ్చిందంటే మా యానాంలో పెద్దవాళ్లు 2012 తలుచుకుంటారు. ఆ రోజు రీజెన్సీ సెరామిక్స్ గొడవలో యూనియన్ నాయకుడు మురళీమోహన్ పోయాడు, కంపెనీ ప్రెసిడెంట్ కె.సి. చంద్రశేఖర్ హతమయ్యారు, ఫ్యాక్టరీ తగలబడింది. ఏళ్ల తరబడి మూతపడింది. 30 చదరపు కిలోమీటర్ల ఊళ్లో అంత పెద్ద ఫ్యాక్టరీ ఆగితే ప్రతి వీధికీ ఆ దెబ్బ తగిలింది. మా షెడ్డులో నలభై దాటిన వాళ్లలో కొందరు అప్పుడు అక్కడ పనిచేసినవాళ్లే. వాళ్లు ఈ ఫొటో గొడవలో నోరు మెదపడం లేదు. ఎందుకని క్యాంటీన్ పెద్దాయన్ని అడిగితే, "ఒక మాట ఎంత దూరం పోద్దో మేం చూసేశాం బాబూ" అన్నాడు.

ఫిబ్రవరి 2

ప్రెస్ ఆపరేటరు మీద ఆకాశరామన్న ఉత్తరం ఒకటి తయారైంది. తెలుగులో రాసి, ఇంగ్లీషులోకి మార్చి పెట్టమని నాకు ఇచ్చారు. కింద పేరు లేదు, సంతకం లేదు. ఫొటో ప్రింటు జత చేశారు. ఆయన ఏ వీధిలో ఉంటాడో, భార్య ఎక్కడ పనిచేస్తుందో కూడా రాశారు. ఆవిడ సంగతి ఈ కాగితంలో ఎందుకు?

రాయనని చెప్పేశాను. కారణాలు కూడా చెప్పాను.

దొంగ జబ్బులు లేవని కాదు. ఉన్నాయి కాబట్టే 1948 నాటి ఈఎస్ఐ చట్టంలో వాటికి ఏర్పాట్లు ఉన్నాయి. 64వ సెక్షన్ ప్రకారం డబ్బు తీసుకునే మనిషి వైద్యంలో ఉండాలి, కోలుకోవడానికి అడ్డొచ్చే పని చేయకూడదు, వైద్యం జరుగుతున్న ప్రాంతాన్ని అనుమతి లేకుండా విడిచి వెళ్లకూడదు, పరీక్షకు పిలిస్తే రావాలి. అబద్ధం చెప్పి డబ్బు తీసుకున్నట్టు తేలితే 84వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. తీసుకున్నది తిరిగి కట్టాలి. అనుమానం ఉన్న కేసుని మెడికల్ రెఫరీ దగ్గరికి పంపుతారు. ఆయన డాక్టరు, స్కానింగు చూస్తాడు, కాలు ఎత్తించి చూస్తాడు. వంతెన దాటి మురమళ్ల వెళ్లడానికి అనుమతి అడగాలా వద్దా అన్నది కూడా ఆయన అడగాల్సిన ప్రశ్నే. ఎవరికైనా నిజంగా అనుమానం ఉంటే పేరు రాసి, సంతకం పెట్టి అక్కడికి పంపవచ్చు. నేను అడ్డుపడను.

ఆ మాట అన్నాక సంతకం పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఫిబ్రవరి 4, ఆదివారం

క్యాంటీన్ పెద్దాయనా నేనూ ప్రెస్ ఆపరేటరు వాళ్లింటికి వెళ్లాం. మేం వెళ్లేసరికి ఆయన అరుగు మీద పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. లేవబోతే వద్దన్నాం. నడవమని డాక్టర్లే చెప్పారట, రోజూ పొద్దున్న గోదావరి గట్టు దాకా వెళ్లి వస్తున్నాడట. డిస్కు జారినవాళ్లని అదేపనిగా పడుకోబెట్టడం ఇప్పుడు డాక్టర్లు మానేశారు, నడిపిస్తారు. నడవడం వేరు, ఎనిమిది గంటలు వంగి మోల్డులెత్తడం వేరు. ఇది నాకు తెలుసు. అయినా ఆ వెన్నులో ఏముందో నా కంటికి కనబడదు, పెద్దాయన కంటికీ కనబడదు. మేం తేల్చడానికి వెళ్లలేదు.

పందేల ఊసు మేం ఎత్తలేదు. కాఫీ ఇస్తూ ఆయన భార్యే అంది: "ఫొటో మాక్కూడా వచ్చిందండి."

ఫిబ్రవరి 10

ఒకప్పుడు ఇంగ్లండులో కూలీలు తామే చందాలు వేసుకుని ఫ్రెండ్లీ సొసైటీలు నడుపుకునేవాళ్లు. జబ్బుపడ్డ సభ్యుడి ఇంటికి సొసైటీ తరఫున ఒక మనిషి వెళ్లేవాడు. డబ్బు చేతికిచ్చేవాడు, జబ్బు నిజమో కాదో కూడా చూసేవాడు. తనిఖీయే, కానీ ముఖాముఖి తనిఖీ. గుమ్మంలోకి వచ్చి పేరుపెట్టి పలకరించి చేసేది. ఫోనులో జూమ్ చేసి మనిషి నడుం కొలవడం కంటే అది ఎంతో మర్యాదైన పద్ధతి.

ఫిబ్రవరి 17

డబుల్ షిఫ్టు అతనికి కూడా నడుం నొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే తనదీ దొంగ జబ్బే అంటారని భయం. అందుకే ఇక్కడ పేరు రాయడం లేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. ఒకడి మీద వేసిన అనుమానం, రేపు నిజంగా జబ్బుపడేవాడి నోరు నొక్కేస్తోంది. మొదటి నెలలో చూపించుకుంటే తగ్గేది, ఆపరేషన్ దాకా వస్తుంది.

ఫిబ్రవరి 24

ఈఎస్ఐ పుట్టిన రోజు. 1944లో అదార్కర్ నివేదిక, 1948లో చట్టం, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ప్రారంభించారు. మేనేజరు నోటీసు బోర్డు మీద పోస్టరు పెట్టించారు. దాని పక్కనే 73వ సెక్షన్ తెలుగులో రాసి అంటించాను: జబ్బు డబ్బు తీసుకుంటున్న కాలంలో కార్మికుణ్ణి తీసేయకూడదు, శిక్షించకూడదు. ఎవరూ పీకలేదు.

అసలు దోపిడీ సంగతి కూడా చెప్పాలి. 2019లో తెలంగాణలో ఈఎస్ఐ ఆస్పత్రుల మందుల కొనుగోళ్ల మీద ఏసీబీ కేసు పెట్టి, ఆ శాఖ డైరెక్టరునే అరెస్టు చేసింది. ఆ ఆరోపణలు కోట్ల మీద. మా షెడ్డులో ఆ కేసు గురించి ఒక్క రోజు కూడా చర్చ జరిగినట్టు నాకు గుర్తు లేదు. ఎర్ర బస్సెక్కి పందేలకెళ్లిన మనిషి గురించి మాత్రం నెలరోజులు మాట్లాడాం.

మార్చి 5

ఆకాశరామన్న ఉత్తరం బదులు ఇంకో కాగితం రాశాం. ప్రెస్ సెక్షన్‌లో ఆగస్టు నుంచి ఒక పోస్టు ఖాళీగా ఉంది, లీవులో ఉన్న మనిషి తిరిగొచ్చేదాకా తాత్కాలికంగా ఒకరిని వెయ్యండి, మిగతా ఇద్దరికీ వారం సెలవు ఇవ్వండి అని. కింద పేర్లున్నాయి, సంతకాలున్నాయి. మొదటి సంతకం డబుల్ షిఫ్టు అతనిది.

మేనేజరు కాగితం తీసుకున్నారు. నకలు మీద తేదీ వేసి స్టాంపు కొట్టి ఇచ్చారు. మనిషిని ఇంకా వెయ్యలేదు.