నాలుగు చింతగింజలు

కథ చెప్పేది ఒక్కరు, ఊకొట్టేది అందరు. బడి మాకు నేర్పిన పద్ధతి ఇదే. మాదిగవాడల చిందోళ్లు జాంబపురాణం ఆడితే మాత్రం అట్ల ఉండదు. జాంబవంతుడు, బ్రాహ్మణుడు ఎదురెదురుగ నిలబడి వాదులాడుతరు. మా నాయన తెల్లారేదాక కూసునేది ఆ వాదం కోసమే.

సంక్షేమ హాస్టల్ పిల్లల కోసం నేను కథలాట తయారుచేసినప్పుడు నా మనసుల అదే ఉన్నది. 1974ల అమెరికాలో వచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటల కథ నడిపించే పెద్ద ఒకడుంటడు. ఆ పెద్దను నేను తీసేసిన. తీర్పు చెప్పే పెద్దలు మా ఊళ్లల్ల తక్కువున్నరా?

మా ఆటల వంతులవారీగ కథ నడుస్తది. ఎవరన్న 'కుదరదు' అంటే, ఒక పక్క అరగదీసిన చింతగింజలు నాలుగు వెయ్యాలె. రెండు, అంతకెక్కువ తెల్లగ పడితే పని అయితది. గింజ రెండు దిక్కుల సమానంగ పడేదైతే పదహారింట పదకొండు పాళ్లు గెలుపే. ఊళ్లె మాకు అన్ని పాళ్లు ఎవరిచ్చిండ్రు! ఓడితే కథ ఆగొద్దు. 'కుదరదు' అన్నోళ్లే తర్వాత ఏమైందో చెప్పాలె.

ఒకనాడు ఏడో తరగతి పిల్ల, తన కథల ఊరి బాయిల కడవ ముంచుతనన్నది. 'కుదరదు, ముంచనియ్యరు' అని మగపిల్లలు నలుగురు ఒక్కసారే అన్నరు. గింజలేస్తే ఒక్కటే తెలుపు. ఇగ వాళ్లే చెప్పాలె: ఎవరు ఆపిండ్రు, ఏం మాటన్నరు. చానసేపు ఎవరూ నోరు తెరువలే. ఆఖరికి ఒకడు మెల్లగ తన ఊరి ఆసామి పేరు చెప్పిండు, ఆ మాట కూడ చెప్పిండు.

ఆ పిల్ల గింజలు ఏరుకున్నది. 'ఇప్పుడు నా వంతు' అన్నది.