అక్క జాయినింగ్ రోజు తెగిన బెల్టు

మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలు. పాల్వంచ దాటి భద్రాచలం వెళ్ళే రోడ్డు. రెండు పక్కలా అడవి. సాయంత్రం 5 లోపు అక్క భద్రాచలంలో జాయినింగ్ సంతకం పెట్టాలి. బండి ఇంజన్ ఆన్‌లోనే ఉంది. రేజ్ ఇస్తే గయ్‌మని అరుస్తోంది. వెనక చక్రం మాత్రం కదలడం లేదు.

"ఏమైందిరా?" అంది అక్క.

"ఏమో" అన్నాను. కానీ నాకు తెలుసు. ఆగే ముందు ఎడమ పక్క కవర్ లోపల టప్‌మని ఒక శబ్దం, ఆ వెంటనే గుడ్డ చింపినట్టు పరపరా ఇంకో శబ్దం. బెల్టు తెగింది. అంతకు పది రోజుల ముందు ఆ కవర్ విప్పి బిగించింది నేనే.

మాది ముదిగొండ. బండి నాన్నది, 110 సీసీ స్కూటర్. పేరుకే స్కూటర్, నాన్న చేతిలో అది చిన్న ట్రాక్టర్. కాళ్ళ దగ్గర 45 కిలోల యూరియా బస్తా, వెనక సీటు మీద ఇంకోటి. మిర్చి ఏరే రోజుల్లో కూలీలకు నీళ్ళ క్యాన్లు కూడా దాని మీదే. ఎండాకాలం చేను దారిలో దుమ్ము, వానాకాలం రేగడి బురద. మీటరు 27 వేలు దాటింది. ఇంజన్ ఆయిల్ మారుస్తూనే ఉన్నాం. బెల్టు మాత్రం కొన్నప్పటిదే. చైన్ అయితే కంటికి కనబడుతుంది, వదులైతే చప్పుడు చేస్తుంది. బెల్టు కవర్ లోపల ఉంటుంది కదా, దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

అలాగని అది చెప్పలేదని కాదు. కదిలేటప్పుడు బండి వణికేది. రేజ్ ఇచ్చాక ఒక క్షణం ఆలోచించి గానీ కదిలేది కాదు. "ఒకసారి విప్పించరా, అక్క వెంట పంపించే బండి" అని నాన్న డబ్బులిచ్చాడు. అక్కకి భద్రాచలం దగ్గర గురుకులంలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. రూము నుంచి స్కూలుకి బండి కావాలి. ఆ డబ్బులతో నేనేం చేశానంటే, ఆన్‌లైన్‌లో తేలిక రోలర్లు, గట్టి స్ప్రింగు ఆర్డర్ పెట్టాను. 'పికప్ అదిరిపోద్ది' అని ఒక వీడియోలో చూశా. బెల్టు పైకి బాగానే కనబడింది, ఇంకో ఆర్నెల్లు ఆగుతుందిలే అనుకున్నా.

లోపల జరిగేది తెలిస్తే నేను చేసిన తప్పు అర్థమవుతుంది. ఇంజన్ వైపు ఒక పుల్లీ, చక్రం వైపు ఒక పుల్లీ, మధ్యలో వి ఆకారం బెల్టు. ఒక్కో పుల్లీ రెండు పళ్ళేలు ఎదురెదురుగా పెట్టినట్టు ఉంటుంది. ముందు పుల్లీ వెనకాల వేరియేటర్‌లో ఆరు రోలర్లు ఉంటాయి. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అవి గుండ్రంగా తిరుగుతూ బయటికి జరిగి ఒక పళ్ళేన్ని నెడతాయి. సందు తగ్గేసరికి బెల్టు ముందు పుల్లీ అంచుకి ఎక్కుతుంది, వెనక పుల్లీలో లోపలికి దిగుతుంది. మనం వేయని గేర్లన్నీ అవే. వెనక పుల్లీలో ఉండే స్ప్రింగు బెల్టు జారకుండా బిగించి పట్టుకుంటుంది. ఈ ఉపాయం కొత్తదేం కాదు. 1958లో నెదర్లాండ్స్ వాళ్ళ డాఫ్ 600 కారు ఇలాంటి బెల్టుల మీదే నడిచింది. ఆ కారుకి వెనక్కి కూడా ముందుకెళ్ళినంత స్పీడు ఉండేదట! మన రోడ్ల మీదికి 1984లో కైనెటిక్ హోండా తెచ్చింది. మా నాన్న తరం వాళ్ళకి అప్పుడు గేర్లు లేని బండి అంటే వింతే.

రోలర్లు తేలికైతే బయటికి జరగడానికి ఇంజన్ ఇంకాస్త ఎక్కువ తిరగాలి. అందుకే మొదట్లో ఊపు బాగుంటుంది. ఎత్తు ఎక్కేవాళ్ళకి, బరువు మోసేవాళ్ళకి పనికొస్తుంది కూడా. కానీ నేను వేసింది అరిగిన బెల్టు మీద. పైగా మా పెరట్లో. ముందు నట్టు విప్పడానికి ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి ఆపాను, ఒక రెక్క విరిగింది. రోలర్లు సాఫీగా జరగాలని వాటికి దండిగా గ్రీజు పూశాను. ఖమ్మంలో సిగ్నల్ పడగానే అందరికంటే ముందు దూసుకెళ్ళా. ఆ మూడు రోజులు నా అంత మెకానిక్ లేడనుకున్నా.

అడవిలో నిలబడి ఇవన్నీ అక్కకి చెప్పేశాను. తిడుతుందనుకున్నా. ఆమె రోడ్డు వైపే చూస్తోంది. ఇరవై నిమిషాలకి ఆర్టీసీ బస్సు వచ్చింది. చెయ్యెత్తితే ఆపాడు. బ్యాగు అందిస్తుంటే, "నాన్నకి నేను చెప్పను. నువ్వే చెప్పు" అని ఎక్కేసింది.

ట్రాలీ ఆటోలో బండిని వెనక్కి పాల్వంచ తెచ్చా. కేటీపీఎస్ పొగ గొట్టాలు కనబడేదాకా ఫోన్ చూస్తూనే ఉన్నా. షెడ్డులో అన్న కవర్ విప్పగానే నల్ల పొడి, కొబ్బరి పీచులాంటి దారాలు జలజలా రాలాయి. పుల్లీ మీద వేలితో రాసి నాకు చూపించాడు. వేలు జిడ్డుగా మెరిసింది.

"గ్రీజు ఎవరు పెట్టారు తమ్ముడూ?"

"నేనే అన్నా."

"నీ రోలర్లు గిర్రున తిరిగి దీన్ని బెల్టు మీదికి కొట్టినయ్. జారుతా జారుతా కాలి తెగింది."

ఆ తర్వాత ఆయన ఒక్కో పని చేస్తూ నాకు చూపించాడు. పుల్లీలు పెట్రోలుతో తుడిచి, ఆరాక గుడ్డతో రుద్దాడు. కంపెనీ బరువు రోలర్లే వేశాడు. పాత బెల్టు ముక్కని కొత్త బెల్టు పక్కన పెట్టి కొలిచాడు. వెడల్పు ఒక మిల్లీమీటరు పైనే తగ్గింది. నాకు 'బాగానే కనబడిన' బెల్టు అదే! పైన పగుళ్ళు లేకపోయినా పక్కలు అరిగిపోతాయంట, ఎంత అరిగితే మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుందంట. బెల్టు మీద బాణం గుర్తుంటే తిరిగే వైపుకే పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైనది బిగించేటప్పుడు చెప్పాడు. ముందు వెనక పుల్లీ తెరిచి బెల్టుని లోపలికి నొక్కాలి, ముందు వైపు వదులు రావాలి, ఆ తర్వాతే నట్టు. లేకపోతే బెల్టు పళ్ళేల మధ్య ఇరుక్కుంటుంది. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, నాలుగు కిలోమీటర్లు పోయాక వదులవుతుంది. ఇది నేను చూసిన వీడియోలో లేదు.

4:20కి అక్క ఫోన్. "పెట్టేశా" అంది. సంతకం గురించే. నేను అక్కడే షెడ్డు ముందు టైరు మీద కూర్చుండిపోయా.

చీకటి పడ్డాక గోదావరి బ్రిడ్జి దాటి అక్కకి తాళాలిచ్చా. వణుకు లేదు. పికప్ మామూలే. నాన్నకి ఫోన్ చేసి డబ్బుల సంగతి మొత్తం చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఇప్పుడు ఏ బెల్టు వేశారు, కంపెనీదేనా?" అని అడిగాడు. తిట్టినా ఇంతకంటే బాగుండేది.

షెడ్డు అన్న కవర్ లోపల మార్కర్‌తో ఆ రోజు మీటరు రాసిపెట్టాడు. అక్క నెలకోసారి మీటరు ఫొటో వాట్సాప్ చేస్తుంది, అడక్కుండానే. నిన్నటి ఫొటోలో 35 వేలు దాటింది. ఆదివారం పొద్దున బస్సుకి వెళ్ళి కవర్ విప్పి చూస్తా. బెల్టు కొలవడానికి వెర్నియర్ కొన్నా. స్క్రూడ్రైవర్ మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్ళమంది అక్క.