శింగనమల చుక్కలకు ఏ మౌంట్?

అనంతపురం లైట్లు దాటి శింగనమల చెరువు కట్టకు చేరితే నేను మొదట వెతికేది ధ్రువనక్షత్రాన్నే. ఇక్కడ అది నేలకు బాగా దగ్గర, 15 డిగ్రీల ఎత్తే. చేయి చాచి చూపుడువేలు, చిటికెనవేలు విప్పితే దాదాపు అంత.

టెలిస్కోప్ కొనేటప్పుడు ఈ 15 గుర్తుండాలి. ఈక్వటోరియల్ మౌంట్ ఇరుసును ధ్రువం వైపు వంచాలి. అప్పుడే దాని మోటారు గంటకు 15 డిగ్రీలు తిరిగే ఆకాశం వెంట నడుస్తుంది. లండన్‌లో ఆ వంపు 51 డిగ్రీలు. మన దగ్గర ఇరుసు దాదాపు పడుకున్నట్టే. కొన్ని మౌంట్లు అంత కిందికి దిగవు. దిగినా, బరువుల కడ్డీ స్టాండు కాలికి తగలొచ్చు.

డాబ్సోనియన్‌కు ఈ తంటా లేదు. నేల మీద పెట్టి తిప్పడమే. కానీ మోటారు లేనిదైతే 100 రెట్లలో శని గ్రహం రెండు నిమిషాల్లో జారిపోతుంది, చేత్తో నెడుతుండాలి. నడినెత్తికొచ్చిన కృత్తికలను పట్టడమూ కష్టమే.

నా మాటైతే, కంటితో చూడ్డానికి డాబ్సోనియన్ చాలు. ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి ఫొటోలు తీయాలంటే ఈక్వటోరియల్ కావాలి. 15 డిగ్రీలకు దిగుతుందో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

ధ్రువం ఇంత కిందుండటం మనకు నష్టమేం కాదు. ఏప్రిల్ అర్ధరాత్రి దక్షిణానికి తిరగండి. లండన్ వాళ్లకు ఎన్నడూ కనబడని త్రిశంకు నక్షత్రాలు ఇక్కడ దాదాపు అదే 15 డిగ్రీల ఎత్తులో ఉంటాయి.